మూత తీసి ఎక్కడ పెట్టావు

తెనాలి,
10 జూన్ 2023

ఒరేయ్ నాగబాబూ,

రెండు చెవులూ పోగొట్టుకున్న నీ బావ రాస్తున్నాడు. నిన్న నువ్వు ఫోన్లో చాలాసేపు మాట్లాడావట. నాకు మాత్రం పెనంలో సెనగలు వేగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇన్నేళ్ళు ఇనుము కొట్టాక చెవులు ఇంకెలా ఉంటాయి? మీ అక్క జ్యోతిలక్ష్మి పక్కన కూర్చుని నీ మాటలు నాకు చెబుతుంది గానీ, హబ్బుకీ డబ్బాకీ తేడా తెలియని మనిషి చెబితే ఏం లాభం? ఇకమీదట ఏం కావాలన్నా కాగితం మీద రాసి పోస్టులో వెయ్యి. నేనూ అలాగే రాస్తాను.

నీ పడవ బండి అయిపోయింది. శాలేమురాజును ట్రాక్టరు తీసుకుని రమ్మను, తగిలించి పంపుతాను. దుగ్గిరాల పసుపు మోసే ట్రక్కులు ఎన్ని చేశానో లెక్కలేదు గానీ పడవ మోసే బండి చెయ్యడం ఇదే మొదలు. సముద్రంలో పుట్టి తెనాలి ఇనపకొట్లో తేలినందుకు మనవాళ్ళకు ఈ ఒక్క పనయినా చేశాననిపించింది.

ఇక జాగ్రత్తగా చదువు. చక్రం మధ్యలో ఉండే డబ్బాను హబ్బు అంటారు. దాని లోపల బేరింగులు, బేరింగుల చుట్టూ గ్రీజు, పైన చిన్న గిన్నెలాంటి మూత. రోడ్డు మీద లాగితే హబ్బు వేడెక్కుతుంది. ఆ వేడి మీద ఉప్పునీళ్ళలోకి దించావంటే నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. అందుకని ఒడ్డున ఆపి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడు. చెయ్యి ఆనించి ఉంచగలిగితే దించు, లేకపోతే చుట్ట కాల్చుకుంటూ కూర్చో. వేట నుంచి రాగానే మంచినీళ్ళతో కడుగు. వారానికోసారి మూత తీసి గ్రీజు పెట్టు. ఇంతే. పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టుంది నాకు. ఏడిపించకు.

నీ బావ,
పెద్దిరాజు


కొత్తపాలెం, బాపట్ల దగ్గర,
21 జూన్ 2023

బావగారికి నాగబాబు నమస్కారాలు.

బండి చూసి పాలెం అంతా నోరు తెరిచింది. శాలేమురాజు ఆలస్యం చేసి, వేట నిషేధం ఎత్తేశాక మేం మొదటిసారి వేటకు పోయే రోజు పొద్దున తెనాలి నుంచి సరాసరి ఒడ్డుకే తెచ్చాడు. అప్పటికే గంగమ్మకు కొబ్బరికాయ కొట్టేశాం. ముహూర్తం దాటిపోతోంది. మీరు చెప్పినట్టే హబ్బు మీద చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. అయినా రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక మొదటి దింపుకు ముహూర్తం తప్పిస్తే ఊరుకుంటారా బావగారూ? మా ఇంటిది సౌజన్య బండికి పసుపు నీళ్ళు చల్లింది, పడవ ఎక్కించి సముద్రంలోకి దించేశాం. నీళ్ళు తగలగానే చక్రాలు బుస్సుమన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక తాడు బాధ లేదు. మీకు తెలియనిది కాదు, పడవ ఒడ్డుకు రాగానే తాడో అని కేకేస్తే విన్నవాళ్ళంతా వచ్చి లాగాలి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకూ గంపలోంచి దోసెడు చేపలు పెట్టాలి. పడుచువాళ్ళు హార్బర్లకు పోయారు. వచ్చేది ముసలాళ్ళూ ఆడవాళ్ళూ. లాగేది తక్కువ, దోసెళ్ళు ఎక్కువ. ఆ రోజు కూడా మస్తానమ్మత్త అందరికంటే ముందు వచ్చి చెంగు బిగించి నిలబడింది. ఇక తాడు లేదత్తా, బండి వచ్చిందని చెప్పాను. ఆవిడ ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఈ ఇనుము నిన్ను ముంచుతుందిరా అంది. ముసలావిడ నోరు, ఏం చేస్తాం.

ఒక్క సంగతి. నిన్నటి నుంచి ఎడమ చక్రం కీచుమంటోంది. ఏం చెయ్యమంటారు?

అక్కకు చెప్పండి, కానాగడత చేపలు ఎండబెట్టి పంపుతున్నాను.

నాగబాబు


తెనాలి,
29 జూన్ 2023

నాగబాబూ,

చేపలు చేరాయి. నీ ఉత్తరం చదివాక అవి గొంతు దిగలేదు.

చక్రాలు బుస్సుమంటే చప్పట్లు కొట్టారా? అది ఉప్పునీళ్ళు లోపలికి పోయిన చప్పుడురా మొద్దూ. చెయ్యి చురుక్కుమన్నాక కూడా దించావంటే నేను రాసిన కాగితం దేనికి, చేపలు చుట్టడానికా? ముహూర్తం పెట్టిన పంతులు వచ్చి బేరింగులు మారుస్తాడా?

సరే, అయిందేదో అయింది. ఎడమ చక్రం మూత తీసి గ్రీజు ఏ రంగులో ఉందో చూసి రాయి. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు పోయినట్టు. పాత గ్రీజంతా తుడిచేసి కొత్తది నిండుగా పెట్టు. అంతటితో సర్దుకోవచ్చు.

మీ అక్క ఒకటే సణుగుడు. బండి ఉంటే మాత్రం మస్తానమ్మకు దోసెడు చేపలు పెట్టకూడదా అంటోంది. దాని రెండు కాన్పులకూ నీళ్ళు పోసింది ఆవిడే. మొగుడూ కొడుకూ లేని మనిషి. నీ ఇష్టం.

పెద్దిరాజు


కొత్తపాలెం,
18 జూలై 2023

బావగారికి,

మీరు తిట్టినవన్నీ పడ్డాను. గ్రీజు మారుస్తూనే ఉన్నాను. వారానికోసారి కాదు, కీచుమన్నప్పుడల్లా ఒడ్డునే మూత తీసి పెడుతున్నాను. మొదట మీరన్నట్టు తెల్లగా వచ్చింది. ఇప్పుడు నల్లగా, వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడుతోంది. కీచుమనడం పోయి నూరుతున్నట్టు చప్పుడు. నిన్న హబ్బులోంచి కాలిన వాసన కూడా వచ్చింది.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీ బావ పాత ఇనుములోంచి ఏరిన బేరింగులు వేసి ఉంటాడు, కొత్తవయితే నెలలో ఇలా అవుతాయా అని శాలేమురాజు అంటున్నాడు. నేను అలా అనుకోవడం లేదు. వాడన్న మాట మీకు రాస్తున్నాను, అంతే.

చేపల సంగతి అక్కకు చెప్పండి. ఒకరికి పెడితే పాలెం అంతా గిన్నెలు పట్టుకుని వస్తారు. ట్రాక్టరు బాడుగ ఇచ్చాక నాకు మిగిలేదే దోసెడు.

నాగబాబు


తెనాలి,
26 జూలై 2023

నాగబాబుకు,

పాత బేరింగులా? నా బామ్మర్ది బండికి నేను పాత బేరింగులు వేస్తానా? కంపెనీ డబ్బా విప్పి కొత్తవి వేశాను. మీ అక్క చూస్తూనే ఉంది, అడుగు.

గరగరలాడుతోందంటే అది ఇసుక. మూత గట్టిగా బిగిస్తే చీమ కూడా దూరదు. ఇసుక తనంతట తాను నడిచి హబ్బులోకి పోదు. ఎవరిదో చెయ్యి ఆ మూత తీసింది. నా పనితనానికి వంక పెట్టే ముందు అది ఎవరి చెయ్యో కనుక్కో.

ఇంతకంటే రాయడానికి నాకు మనసు లేదు.

పెద్దిరాజు


కొత్తపాలెం,
14 ఆగస్టు 2023

బావగారికి,

మీ ఉత్తరం చదవగానే నాకు విషయం తెలిసిపోయింది. నోటి దగ్గర కూడు పోయినవాళ్ళు కాక ఇంకెవరు చేస్తారు? ఇనుము ముంచుతుందని అందరి ముందూ అన్నది ఎవరు? బండి నిలబెట్టే సరుగుడు తోట పక్కనే మస్తానమ్మత్త పాక.

మీ ఉత్తరం పట్టుకెళ్ళి కులపెద్దల ముందు పెట్టాను. ఎవరిదో చెయ్యి అన్న ముక్క చదివి వినిపించారు. ఇనప పని తెలిసినవాడే రాశాడు కదా అన్నారు. అత్తను పిలిపించారు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. ప్రమాణం చెయ్యమంటే గంగమ్మ ముందు కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పింది. ఆర్పి నా వైపు తిరిగి ఒకే మాట అంది.

“నీ బండి నేను ముట్టుకోలేదు నాగబాబూ. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.”

ప్రమాణం చేసింది కాబట్టి పెద్దలు ఇంకేమీ అనలేదు. అలాగని నేను అబద్ధమాడానని కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు నన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నారు. టీ కొట్టు దగ్గర నేను కూర్చుంటే లేచిపోతున్నారు. పోతే పోనివ్వండి. నాకు బండి ఉంది, వాళ్ళతో పనేంటి?

బేరింగులు పూర్తిగా పోయాయి. కొత్త జత పంపండి.

నాగబాబు


తెనాలి,
22 ఆగస్టు 2023

ఒరేయ్,

ఎంత పని చేశావురా. నా ఉత్తరం పెద్దల ముందు పెట్టమని ఎవడు చెప్పాడు నీకు? ఎవరిదో చెయ్యి అన్నాను గానీ మస్తానమ్మ చెయ్యి అన్నానా? నువ్వు పాత బేరింగులంటే ఒళ్ళు మండి రాసిన ముక్క అది. ఆ ఉత్తరం గురించి విన్నప్పటి నుంచి మీ అక్క నాతో మాట్లాడడం లేదు. చెవిటివాడితో మాట్లాడకపోతే ఏం పోయిందంటావేమో, పోతుందిరా.

బేరింగులు, నీళ్ళు దూరకుండా ఆపే కొత్త సీళ్ళు బాపట్ల బస్సులో వేశాను, తీసుకో. బిగించే ముందు నేను అడిగే ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. కీచుమన్నప్పుడల్లా ఒడ్డునే మూత తీసి గ్రీజు పెడుతున్నానని రాశావు. అప్పుడు తొందరలో చదివి వదిలేశాను. మొన్న మళ్ళీ చదివాను.

మూత తీసి ఎక్కడ పెడతావు?

పెద్దిరాజు


కొత్తపాలెం,
17 సెప్టెంబరు 2023

బావగారికి,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. జ్వరం వచ్చిందని రాద్దామనుకున్నాను గానీ జ్వరం రాలేదు.

ఇసుక మీద పెడతాను. ఒడ్డున ఇసుక మీద కాక ఇంకెక్కడ పెడతాం బావగారూ? మూత తీసి బోర్లా పడేసి, వేలితో గ్రీజు పెట్టి, మళ్ళీ ఆ మూతే బిగిస్తాను. మీరు అడిగాక తీసి చూశాను. మూత లోపల అంచు చుట్టూ గ్రీజుకు ఇసుక అంటుకుని ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. చెయ్యి నాదే.

ఈ సంగతి సౌజన్యకు కూడా చెప్పలేదు. మీకు తప్ప ఎవరికీ తెలియదు.

అత్త దగ్గరకు వెళ్తాను. ఒట్టి చేతులతో ఎలా వెళ్ళను? ఒక్కరోజు వేట బాగా పడనివ్వండి, గంప నిండా చేపలు తీసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో పెట్టి చెబుతాను. ఈ నెలంతా వల ఖాళీగానే వస్తోంది.

కొత్త బేరింగులు వేశాను. చప్పుడు లేదు గానీ ఎడమ చక్రం ఊగుతున్న పన్నులా అటూ ఇటూ కదులుతోంది. ఎంత బిగించినా అంతే.

నాగబాబు


తెనాలి,
5 అక్టోబరు 2023

నాగబాబూ,

కొత్త బేరింగు వేశాక కూడా చక్రం ఊగుతోందంటే బేరింగు కూర్చునే ఇరుసు కొస అరిగిపోయిందన్నమాట. ఇసుకతో ఇన్నాళ్ళు నూరావు కదా. దానికి ఒడ్డున మందు లేదు. గ్రీజు పెట్టినా, గుడ్డ చుట్టి బిగించినా ఆగదు. ఒకరోజు విరుగుతుంది. బండిని తెనాలి తీసుకురా, ఇరుసు మారుస్తాను. తెచ్చేదాకా దాని మీద పడవ ఎక్కించొద్దు. ఈ మాట గీత గీసి రాస్తున్నాను.

నేనే వద్దును గానీ మోకాళ్ళు బస్సు మెట్టు ఎక్కనివ్వడం లేదు.

రెండోది. మస్తానమ్మ దగ్గరకు ఒట్టి చేతులతోనే వెళ్ళు. ఈ రోజే వెళ్ళు. గంప నిండాలంటే సముద్రం దయ, నోరు విప్పడానికి ఎవరి దయ కావాలి? నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. నువ్వు చెప్పావో లేదో అని రోజూ నా కళ్ళలోకి చూసి అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక పేపరు అడ్డం పెట్టుకుంటున్నాను.

పెద్దిరాజు


కొత్తపాలెం,
24 నవంబరు 2023

బావగారికి,

బండి తేలేదు. ఇప్పుడిప్పుడే చేపలు పడుతున్నాయి, నాలుగు రోజులు బండి లేకపోతే పడవ ఎవరు లాగుతారు? డిసెంబరు దాటాక తెస్తాను. చక్రానికి గుడ్డ చుట్టి నెట్టుకొస్తున్నాను.

అత్త దగ్గరకు ఒకరోజు వెళ్ళాను. ఆవిడ పాక ముందు చేపలు ఆరబెడుతోంది. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు. అత్తా, ఎండ బాగా ఉంది అన్నాను. ఉంది అంది. వచ్చేశాను.

ఎవరూ లేనప్పుడు చెబుతాను.

నాగబాబు


రేపల్లె,
19 డిసెంబరు 2023

బావగారికి,

నేను రేపల్లెలో ఉన్నాను. రొయ్యల చెరువు మీద కాపలా పని. సౌజన్య పుట్టింట్లో ఉంది. అక్క ఏడుస్తోందని సౌజన్య చెప్పింది. అందుకని జరిగింది రాస్తున్నాను. మీరే అక్కకు చదివి వినిపించండి.

తుఫాను కబురు వచ్చిన రోజు అక్క ఫోన్ చేసి, పడవను బండి ఎక్కించొద్దని మీ బావ మొత్తుకుంటున్నాడు అంది. నేను వినకపోలేదు. ఎక్కించక ఏం చెయ్యను బావగారూ, తాడు పట్టేవాళ్ళు నాకెవరున్నారు? పాలెంలో మిగతా పడవలన్నిటికీ ఒకళ్ళకొకళ్ళు తాడు పట్టి తోటలోకి లాగేసుకున్నారు. నా పడవ ఒక్కటే నీళ్ళ అంచున మిగిలింది.

శాలేమురాజు వచ్చాడు. పడవ ఎక్కించి సగం దూరం లాగాం. ఎడమ ఇరుసు పుటుక్కున విరిగింది. చక్రం ఊడి సముద్రం వైపు దొర్లుకుంటూ పోయింది. బండి కూలబడి ట్రాక్టరు ఇసుకలో దిగబడిపోయింది. వాడు బండి తగిలించిన పిన్ను లాగేసి ట్రాక్టరు కాపాడుకుని వెళ్ళిపోయాడు. వాణ్ణి నేను తప్పు పట్టను.

పడవకు తాడు కట్టి నేనూ నా ఇద్దరు మనుషులూ లాగాం. కదల్లేదు. అప్పుడు తాడో అని కేకేశాను. ఎన్నాళ్ళయిందో ఆ కేక వేసి. జనం తుఫాను షెల్టరు అరుగు మీద నిలబడి ఉన్నారు. గాలి అటే వీస్తోంది. వాళ్ళకు వినపడింది బావగారూ. పోలీసులు లోపలికి పొమ్మని విజిల్ వేస్తున్నారు, ఆ సాకు వాళ్ళకుంది.

మస్తానమ్మత్త ఒక్కతే దిగి వచ్చింది. చెంగు బిగించి తాడు చివర పట్టుకుంది. వెనక్కి తిరిగి వాళ్ళను పిలిచింది.

“రండిరా, పడవ ఏం చేసింది మిమ్మల్ని?”

ఎవరూ రాలేదు. నేను ఆవిడ ముఖం చూడకుండా లాగుతూనే ఉన్నాను. పెద్ద అల వచ్చి పడవను ఎత్తి కుదిపేసరికి తాడు ఒక్కసారి గుంజుకుంది. అత్త తాడు వదల్లేదు. వదిలి ఉంటే బాగుండేది. భుజం కీలు తప్పి ఇసుక మీద పడింది. నేను ఆవిడను ఎత్తుకుని షెల్టరు మెట్ల దాకా తెచ్చి వెనక్కి చూసేసరికి పడవ లేదు.

మర్నాడు తెల్లారగానే బస్సెక్కేశాను. ఇంకో నలుగురు తాడు పట్టి ఉంటే పడవ దక్కేది. వాళ్ళు రాకుండా చేసుకున్నది నేనే.

నాగబాబు


తెనాలి,
8 జనవరి 2024

నాగబాబూ,

మోకాళ్ళ సంగతి పక్కన పెట్టి మీ అక్కను తోడు తీసుకుని పాలెం వెళ్ళొచ్చాను. బండి ముక్కలు ఇంకా ఇసుకలోనే ఉన్నాయి. విరిగిన ఇరుసు కొస తెచ్చుకున్నాను, కొట్లో ఎదురుగా పెట్టుకున్నాను. ఒళ్ళు మండి నేను ఆ ముక్క రాయకుండా ఉంటే ఎలా ఉండేదోనని దాన్ని చూసినప్పుడల్లా అనుకుంటాను. అనుకుని ఏం లాభం.

మస్తానమ్మను చూశాం. కుడి చెయ్యి మెడకు కట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఇక పైకి లేవదని బాపట్ల ఆసుపత్రిలో చెప్పారట. గంప ఎత్తలేదు, చేపలు అమ్ముకోలేదు. పక్కింటివాళ్ళు ఇంత అన్నం పెడుతున్నారు. నిన్ను తిట్టలేదు. వేరేవాళ్ళ పడవలో ఎక్కించుకుంటారు, వాణ్ణి రమ్మను అంది.

మీ అక్క నా చెవిలో అరిచి మరీ చెప్పింది ఆవిడ అడిగిన ఇంకో మాట.

“ఆ ఇసుక ఎవరు పోశారో వాడికి తెలిసిందా?”

అంటే నువ్వు ఇప్పటికీ చెప్పలేదన్నమాట. ఆవిడ ఆ నింద మోస్తూనే వచ్చి నీ తాడు పట్టుకుంది. తెలియదన్నట్టు తలూపి వచ్చేశాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు, నువ్వు చెప్పాలి. పెద్దల ముందు నిందించావు కాబట్టి పెద్దల ముందే చెప్పు. రేపల్లె నుంచి బాపట్ల ఎంత దూరం? వెళ్ళు.

నీ బావ,
పెద్దిరాజు


రేపల్లె,
2 ఫిబ్రవరి 2024

బావగారికి,

మొన్న సెలవు పెట్టి బాపట్ల దాకా వెళ్ళాను. బస్టాండులో దిగి టీ తాగాను. పాలెం వెళ్ళే ఆటో వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది. అదీ వెళ్ళిపోయింది. మళ్ళీ రేపల్లె బస్సెక్కాను.

ఉత్తరం రాద్దామనుకున్నాను. అత్తకు చదువు రాదు, ఎవరో ఒకరు చదివి పెట్టాలి. చింపేశాను.

మీరయినా చెప్పండి బావగారూ అని రాయడానికే ఈ కాగితం తీశాను. రాస్తుండగా ఆలోచన వచ్చింది. మీరు చెబితే ఆవిడ అడుగుతుంది, ఎప్పుడు తెలిసింది వాడికి అని. సెప్టెంబరులో అని చెప్పాలి. తాడు పట్టిన రోజుకు నాకు తెలుసు. నేను ఆవిడ పక్కన నిలబడి లాగుతున్నప్పుడు కూడా తెలుసు.

ఇప్పుడు అత్త దృష్టిలో నేను పొరబడినవాణ్ణి. చెబితే, నిజం తెలిసి కూడా ఆవిడను దొంగగా ఉంచినవాణ్ణి అవుతాను. అందుకని చెప్పకండి. అక్కను కూడా చెప్పనివ్వకండి. పొరబడినవాడిగానే ఉండనివ్వండి నన్ను.

ఈ చెరువు గట్టుకు పోస్టు సరిగ్గా రాదు. మీరు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

నాగబాబు